బోరు నీళ్లు తాగిన కారు

పొద్దున కారు బానెట్ లేచిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. నాచారంలో మా అక్కాబావల ఇంట్లో పై పోర్షన్ మాది. నేను, నా భార్య, బడికెళ్లే మా పాప ఉంటాం. మా పడకగది కిటికీ సరిగ్గా కారు నిలబెట్టే చోటికి పైన ఉంటుంది. ఆరున్నర కాగానే బావ బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, బోరు నల్లా కింద సీసా నింపుకొచ్చి, ఇంజను పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో పోసేవాడు. నీళ్లు గుటగుటమని దిగడం మంచం మీది నుంచే వినిపించేది. లేచి కిందికి వెళ్లి ఆయన చేతిలోంచి ఆ సీసా తీసుకుందామని ప్రతిరోజూ అనుకునేవాణ్ని. అనుకుని దుప్పటి మీదికి లాక్కునేవాణ్ని. అట్లా నాలుగేళ్లు గడిచాయి.

నా ఉద్యోగం ఏమిటో చెప్తే తప్ప నా ఇబ్బంది అర్థం కాదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర నేను పనిచేస్తాను. ఇరవై ఏళ్లుగా నా పని ఒక్కటే. బోరు నీళ్లను బోరు నీళ్లుగా బాయిలర్‌లోకి పోనివ్వకుండా చూడటం. మా ప్రాంతం నీళ్లలో సున్నం ఎక్కువ. గీజరు కడ్డీకి తెల్లగా పెచ్చు కట్టడం అందరూ చూసే ఉంటారు. అదే పెచ్చు బాయిలర్ గొట్టాల్లో కడితే గొట్టం కాలిపోతుంది, చిల్లు పడుతుంది. అందుకని షిఫ్టుకు రెండుసార్లు నీళ్లు పరీక్ష చేస్తాను. గాజు సీసాలో నీళ్లు తీసుకుని పొడి వేస్తే, సున్నం ఉంటే ద్రాక్షరంగుకు తిరుగుతాయి. ఇంకో మందు చుక్కలుగా వేస్తూ పోతే ఒకచోట నీలంగా మారతాయి. ఎన్ని చుక్కలు పడితే అంత సున్నం. ఒకసారి మా ఇంటి నీళ్లను టిఫిను సంచిలో పట్టుకెళ్లి పరీక్ష చేశాను. ఎంతకీ నీలం రాలేదు. లెక్కపెట్టడం మధ్యలోనే ఆపి సీసా కడిగేశాను. తెలుసుకోవాల్సింది ముందే తెలుసు కదా అనిపించింది.

మరి బావతో ఎందుకు చెప్పలేదు?

జనగామ వైపు మా ఊళ్లో మా అమ్మానాన్నలు ఏడాది తేడాతో ఇద్దరూ పోయేసరికి నాకు పద్నాలుగేళ్లు. అక్కకు అప్పటికి పెళ్లయి ఆరు నెలలు. బావ స్కూటరు మీద వచ్చి, నా బట్టల సంచి ముందు పెట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని నాచారం తీసుకొచ్చాడు. ఎందుకు తెచ్చావని వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగితే ఏం చెప్పాడో నాకు తెలియదు. నాకు మాత్రం ఒక్కనాడూ ఆ మాట గుర్తు చేయలేదు. బళ్లో, ఆ తర్వాత డిప్లొమాలో, తండ్రి సంతకం కావలసిన ప్రతి కాగితం మీదా ఆయన సంతకమే ఉంది. నా పెళ్లి చేసిందీ ఆయనే, పై పోర్షన్ వేయించిందీ ఆయనే. అంత చేసిన మనిషి తప్పు చేస్తున్నాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పైగా బండ్లు ఆయన విద్య. రైల్వేలో ముప్పై ఏళ్లు జీపు డ్రైవరుగా పనిచేశాడు. రిటైరయ్యాక ఇష్టపడి ఈ కారు కొనుక్కున్నాడు. ఏడాది తిరక్కుండానే కంటి నరం దెబ్బతిన్నదని, ఇక బండి నడపొద్దని దవాఖానాలో చెప్పారు. ఆ సాయంత్రం తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. బండి నీదే, కానీ నేను చెప్పినట్టు చూసుకోవాలె అన్నాడు. నడిపే పని నా వంతుకు వచ్చింది. పొద్దున బానెట్ ఎత్తడం ఒక్కటే ఆయనకు మిగిలింది. దాన్ని కూడా లాక్కోవడం ఎట్లా?

మొదటి ఏడాది ఒకసారి ప్రయత్నించాను. ఇందులో నీళ్లు కాదు, ఇంజను చల్లబరిచే మందు, కూలెంట్ పొయ్యాలంట బావా, సర్వీసు బుక్కులో రాసుంది అన్నాను. ఆయన నవ్వాడు.

"ముప్పయ్యేండ్లు జీపు నడిపిన. బోరింగు నీళ్లు, చెరువు నీళ్లు, ఏవి దొరికితే గవి పోసిన. ఒక్కనాడు ఆగలే."

అది నిజమే. ఆ జీపుల రేడియేటర్లు మోటువి, ఇంతేసి గొట్టాలు. ఇప్పటి కార్లవి కాగితమంత పలచన. ఆ మాట అనలేకపోయాను. తర్వాత ఫ్యాక్టరీలో అడిగి ఖనిజాలు తీసేసిన నీళ్లు ఒక క్యాను తెచ్చి కారు పక్కన పెట్టాను. మరునాటికి క్యాను ఖాళీ. మంచి నీళ్లు తెచ్చినవని మెచ్చుకుని మొత్తం ఇన్వర్టర్ బ్యాటరీకి పోశాడు.

అసలు సంగతి ఏమిటంటే, డబ్బాకు ఉండే పై గీత, కింది గీత ఆయనకు కనిపించేవి కావు. తక్కువుందో ఎక్కువుందో తెలియక, ఎందుకైనా మంచిదని మూతి దాకా పోసేవాడు. ఇంజను వేడెక్కినప్పుడు ఎక్కువైనది పక్క గొట్టంలోంచి రోడ్డు మీదికి పోయేది. పోయినప్పుడల్లా దానితో కాస్త కూలెంట్ పోయేది. మళ్లీ పొద్దున నీళ్లు పడేవి. సర్వీసులో పోసిన ఆకుపచ్చ కూలెంట్ రెండు నెలలకు నిమ్మరసం రంగుకు, ఆరు నెలలకు మడ్డి రంగుకు వచ్చేది. నేను అన్నీ చూస్తూనే ఉన్నాను.

నా భార్య ఊరుకునేది కాదు. ఫ్యాక్టరీలో వాల్వు సరిగా మూయలేదని మేనేజరుతో కూడా గొడవపడతావు, ఇంట్లో మాత్రం నోరు పెగలదు అనేది. ఆమె మాట కారు గురించి మాత్రమే కాదు. మల్కాజిగిరిలో చిన్నదైనా సరే, వేరే ఇల్లు చూసుకుందామని ఆమె పెళ్లయిన రెండో ఏటి నుంచి అడుగుతోంది. ఆమె స్నేహితురాలు వస్తే కింద అక్కతో చెప్పాలి. పాపకు జ్వరం వస్తే ఏ దవాఖానాకు పోవాలో బావ నిర్ణయిస్తాడు. అదంతా ప్రేమే, కాదనను. ప్రేమ కాబట్టే బయటికి దారి కనిపించేది కాదు. బావను అడుగుతానని ఆమెతో చెప్పేవాణ్ని. అడిగేవాణ్ని కాదు.

పోయిన వానాకాలం మొదట్లో, ముందు సీటు కింద, బావ కాళ్లు పెట్టుకునే చోట చాప తడిగా ఉంది. ఏసీ నీళ్లు అనుకుంటూనే వేలితో ముట్టుకున్నాను. రెండు వేళ్లు రాస్తే జారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే దగ్గుమందు లాంటి తియ్యని వాసన, అడుగున తుప్పు వాసన. అది ఏసీ నీళ్లు కాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు. ఇంజను చుట్టూ తిరగాల్సిన కూలెంట్ కారు లోపలికి వస్తోంది. చాప తీసి ఎండలో ఆరేసి, మళ్లీ పరిచి, ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి వెళ్లాను. చెప్తే మొత్తం చెప్పాలి. నాలుగేళ్ల నుంచి తెలుసని కూడా చెప్పాలి.

వారం తర్వాత అక్కను డాక్టరుకు చూపించాల్సి వచ్చింది. ఆమెకు ఆయాసం, వానాకాలంలో ఎక్కువవుతుంది. ఆమెకు అలవాటైన డాక్టరు ఉప్పల్‌లో ఉన్నారు. మధ్యాహ్నం నాలుగింటికి బయల్దేరాం. బావ నా పక్కన, అక్క వెనక సీట్లో. హబ్సిగూడ చౌరస్తా దాటగానే వాన మొదలైంది. పది నిమిషాల్లో మెట్రో స్తంభాల పక్కన రోడ్డంతా నీళ్లు. కుడిపక్క బస్సు, ఎడమపక్క ఆటోలు, ముందొక నీళ్ల ట్యాంకరు. ఏదీ కదలడం లేదు.

అద్దం మసకబారడం మొదలైంది. వాన అని గాలి ఎక్కువ పెట్టాను. ఇంకా మసకైంది. వైపర్లు బయట కొట్టుకుంటున్నాయి, మసక లోపల ఉంది. గుడ్డతో తుడిస్తే నూనె రాసినట్టు సాగింది తప్ప పోలేదు. తియ్యటి వాసన కారంతా నిండిపోయింది. వెనక అక్క దగ్గు మొదలుపెట్టింది. ముందున్న ట్యాంకరు ఎర్ర లైటు రెండు చుక్కలుగా, తర్వాత ఒక మరకగా మిగిలింది. గాలి ఆపేసి కిటికీలు దించాను. వాన లోపలికి కొట్టింది. అప్పుడే వేడి చూపించే ముల్లు మీదికి లేచింది. ఇంజను బంద్ చేశాను. వెనక నుంచి హారన్లు.

బావ తలుపు తెరవబోయాడు. చేతిలో అక్క తాగే నీళ్ల సీసా ఉంది. రేడియేటర్ మూత తీసి నీళ్లు పోస్తే అదే సల్లబడుతుందని, బానెట్ మీట లాగమని అన్నాడు. కంటికి గీత కనపడని మనిషి, మరుగుతున్న రేడియేటర్ మూత మీద వంగి తిప్పడం నా కళ్లకు కట్టింది. మా ఫ్యాక్టరీలో ఆవిరి కొట్టిన మనిషి ముఖం నేను చూశాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"బావా, ఆ మూత ముట్టుకోవద్దు. ఆవిరి మొఖం మీదికి కొడ్తది."

"నాకు జెప్తున్నవా?"

"అవును బావా. మీకే జెప్తున్న."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

వెనక నుంచి అక్క, ఊపిరాడుతలేదు, నన్ను కిందికి దింపు తమ్మీ అంది. మెట్రో స్టేషన్ మెట్లు వంద అడుగుల దూరంలో ఉన్నాయి. నీళ్లు మోకాళ్ల కింది దాకా ఉన్నాయి. ఇద్దరినీ ఒకేసారి నడిపించలేను, బావకు ఆ నీళ్లలో గుంత కనపడదు. అక్కను ముందు తీసుకెళ్లాలి. కానీ నేను అటు వెళ్లగానే ఆయన దిగి మూత తీస్తాడని భయం. అందుకని తాళంచెవి లాగేశాను, ఆయన చేతిలోని నీళ్ల సీసా కూడా తీసుకున్నాను. ఏ చెయ్యి నన్ను స్కూటరు ఎక్కించిందో ఆ చేతిలోంచి, చిన్నపిల్లవాడి దగ్గర తీసుకున్నట్టు తీసుకున్నాను. ఆయన ఇచ్చేశాడు.

అక్కను భుజానికి ఆనించుకుని బస్సుకూ ఆటోలకూ మధ్యలోంచి నడిపించాను. మెట్లెక్కి పొడిగా ఉన్నచోట కూర్చోబెట్టాను. సంచిలోంచి మందు తీసి రెండుసార్లు పీల్చింది. అక్కడ నిలబడ్డ ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆమె వీపు రాస్తూ కూర్చున్నారు. ఊపిరి కుదుటపడుతున్నదని అనిపించాక, మీ బావ ఒక్కడే ఉన్నడు, పో అంది.

నేను తిరిగి వచ్చేసరికి బావ ఉన్నచోటనే ఉన్నాడు. ఒక పక్క చొక్కా అంతా తడిసింది. జేబు రుమాలుతో అద్దం తుడుస్తున్నాడు. తుడిచి చూస్తున్నాడు, మళ్లీ తుడుస్తున్నాడు. నేను తలుపు తెరిస్తే తల తిప్పకుండా అడిగాడు.

"ఇది అద్దమా, నా కండ్లా? నాకు సమజైతలేదు."

అద్దమే బావా అన్నాను. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను అక్కడ కూర్చోలేకపోయాను. ఆటోవాళ్లిద్దరిని పిలిచి, బావను లోపలే ఉంచి, కారును స్తంభం పక్కకు నెట్టించాను. వాన తగ్గాక అక్కను డాక్టరుకు చూపించి, ముగ్గురం ఆటోలో ఇల్లు చేరాం.

మరునాడు కారును ఉప్పల్‌లో ఒక మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లాం. నాకంటే పదేళ్లు చిన్నవాడు, కారు వాసన చూసే సంగతి చెప్పేశాడు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నాడు. రెండో రోజు సాయంత్రం రమ్మంటే నేను, బావ వెళ్లాం. స్టీరింగు తప్ప ముందు భాగమంతా ఖాళీగా, వైర్లు వేలాడుతూ ఉంది. ఒక బల్ల మీద గుడ్డ పరిచి, పుస్తకమంత పరిమాణంలో ఉన్న అల్యూమినియం జాలీ ఒకటి పెట్టాడు. దాని ఒక అంచు తినేసినట్టు గుంటలు పడి ఉంది. గొట్టం మూతి లోపల తెల్లటి పెచ్చు, దాని మీద తుప్పు బురద. రోజూ నేను దేనితో పోరాడతానో అదే పెచ్చు.

హీటర్ కోర్ అంటారని చెప్పాడు. చలిదేశాల్లో కారు వెచ్చబెట్టడానికి పనికొచ్చే చిన్న రేడియేటర్. మన దగ్గర హీటర్ ఎవరూ వేయరు, అది ఉందని కూడా చాలామందికి తెలియదు. కానీ వేసినా వేయకపోయినా ఈ కారులో కూలెంట్ దానిలోంచి తిరుగుతూనే ఉంటుంది. సన్నటి దారులు కాబట్టి మడ్డి మొదట అక్కడ పేరుకుంటుంది. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందు ఉంటుంది, నీళ్లు కలిపితే అది పలచనై పనిచేయదు.

"అసలు గీంట్ల నీళ్లు పోసిందెవలన్నా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే బావ, నేనే అన్నాడు. ఆ తర్వాత, ఎందుకన్నాడో, నా భుజం మీద చెయ్యేసి, మా బామ్మర్ది కంపెనీల నీళ్ల పనే జేస్తడు, ఇరవై ఏండ్ల సర్వీసు అని కూడా చెప్పాడు. గర్వంగానే చెప్పాడు. మెకానిక్ పానా తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"మరి మీరు జెప్పలేదా అన్నా?"

భుజం మీది చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. తర్వాత తీసేశాడు.

ఆ పాత కోర్‌ను తీసేసి రెండు గొట్టాలు ఒకదానికొకటి కలిపేస్తే చాలని, చాలామంది అట్లాగే నడుపుతారని మెకానిక్ అన్నాడు. బావ దానికి తల ఊపాడు. నేను ఒప్పుకోలేదు. వానలో అద్దం మసక వదిలించడానికి వెచ్చటి గాలి కావాలి, కొత్తదే వేయమన్నాను. లోపలంతా కడిగి, వచ్చే నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ కడిగి, ఆఖరుసారి ఖనిజాలు లేని నీళ్లతో కడిగి, ఈ కారుకు చెప్పిన రకం, ముందే కలిపి అమ్మే కూలెంటే పోయమన్నాను. వేరే రంగుది దాంట్లో కలపొద్దన్నాను. నా గొంతు ఫ్యాక్టరీలో మాట్లాడినట్టు ఉందని నాకే తెలిసింది. బావ బయటికి వెళ్లి నిలబడ్డాడు.

ఆటోలో తిరిగి వస్తూ నాచారం మలుపు దగ్గరికి వచ్చాం. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బావ అన్నాడు.

"తప్పు జేసిన, సరే. నువ్వు పైనుంచి సూసుకుంట ఉన్నవా నాలుగేండ్లు? నన్ను గంత పరాయోన్ని జేసినవా?"

మీ మీద గౌరవంతో అని చెప్పబోయాను. అది గౌరవమో, భయమో, వద్దన్నా వినరనే బద్ధకమో నాకే తేలలేదు. ఆయన తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడంలో కొంచెం కక్ష కూడా ఉందేమో. ఆ అనుమానం అప్పుడే మొదటిసారి వచ్చింది. దాన్ని ఇంకా వదిలించుకోలేదు.

తొమ్మిది రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. కారు ఇంటికి వచ్చింది, ఆయన దాని దగ్గరికి రాలేదు. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు నేనే బానెట్ ఎత్తి కూలెంట్ గీతల మధ్య ఉందో లేదో చూసేవాణ్ని. అది తగ్గకూడదు. తగ్గితే పోయడం కాదు, ఎక్కడ పోతోందో వెతకాలి. ఈ మాట ఆయనకు వినబడేలా చెప్పుకున్నాను కూడా. వరండాలో పేపరు ముఖానికి దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పాడు.

పదో రోజు ఆదివారం. బావ మెట్లెక్కి పైకి వచ్చాడు. ఏదైనా కావాలంటే కింది నుంచి కేకేయడమే తప్ప ఆయన పైకి రావడం అరుదు. నా భార్య కంగారుగా కుర్చీ జరిపింది. కూర్చుని, ఇంక ఏమేం దాచినవో చెప్పు అన్నాడు. మామూలుగానే అన్నాడు. వంటింటి గుమ్మంలో నా భార్య కదలకుండా నిలబడింది. నేను ఇల్లు మారుదామనుకుంటున్నామని చెప్పాను. ఎన్నేళ్ల నుంచి అనుకుంటున్నామో కూడా చెప్పాను. నా భార్య ఇచ్చిన టీ ఆయన చేతిలోనే చల్లారింది.

"జర సోంచాయించనీ," అని, ఆలోచించుకుంటూ కిందికి వెళ్లాడు.

రెండు వారాల తర్వాత, మల్కాజిగిరిలో తనకు తెలిసిన రైల్వే ఆయన ఇల్లు ఖాళీ అవుతోందని, చూడ్డానికి వెళ్దామని చెప్పాడు. మేం ముగ్గురం, బావ కలిసే వెళ్లాం. నా భార్యకు ఇల్లు నచ్చింది. బావ గోడలు తడుముతూ గదులన్నీ తిరిగాడు, నల్లాలు తిప్పాడు, వంటింట్లో చాలాసేపు నిలబడ్డాడు. గాలి వచ్చే దారి లేదు, మీ అక్క వస్తే ఇక్కడ ఐదు నిమిషాలు నిలబడలేదు అన్నాడు. చూస్తే నిజంగానే వంటింటికి కిటికీ లేదు. మేం చూసుకోలేదు. నా భార్య నా వైపు చూసింది. అయినా ఈ ఇల్లే తీసుకుంటామని ఆమె అంటుందేమోనని, లేదంటే నేనే అంటానేమోనని ఎదురుచూశాను. ఇద్దరమూ అనలేదు.

ఇప్పటికి ఇంకో మూడు ఇళ్లు చూశాం. ప్రతిదానికీ బావ వస్తున్నాడు, ప్రతిదానిలోనూ ఏదో ఒకటి దొరుకుతోంది, దొరికింది అబద్ధం కావడం లేదు. నాలుగో ఇంటి దగ్గర నేను, ఇది మాకు చాలు బావా అన్నాను. ఆయన ఆలోచించుకుని, చెర్లపల్లి వైపు ఇంకోటి ఉందట, అది కూడా చూసినాక చెప్పు అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం.